చెవిలో ఇయర్‌ఫోన్: వారానికి ఎంత శబ్దం ఖర్చు పెట్టొచ్చు?

మార్కాపురం నుంచి ఒంగోలు వెళ్లే పొద్దుటి బస్సు ఎక్కితే, చెవిలో ఏమీ పెట్టుకోని కుర్రాడిని వెతుక్కోవాల్సిందే. గిద్దలూరు నుంచి ఘాట్ మీదుగా నంద్యాల వెళ్లే బస్సయినా, కంభం స్టేషన్‌లో ఆగే గుంటూరు రైలయినా ఇదే వరస. ఇంటికొచ్చాక కూడా అవి చెవుల్లోంచి బయటికి రావు. ఒకరు గేమ్‌లో ఉంటారు, ఒకరు ఆన్‌లైన్ క్లాసులో, ఇంకొకరు నాత్‌లు, బయాన్లు వింటూ నిద్రలోకి జారిపోతారు. "కాన్ మే క్యా డాల్‌కో బైఠా రే, కబ్ సే పుకార్ రయుఁ" అని వంటింట్లోంచి అమ్మీ అరవడం ఇప్పుడు ప్రతి ఇంట్లో వినిపించే మాట.

ఆ అరుపుని చాదస్తం అని కొట్టిపారేయడానికి లేదు. పెద్ద శబ్దంతో వినే అలవాటు వల్ల ప్రపంచంలో 100 కోట్ల మందికి పైగా యువత వినికిడికి ముప్పు ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 12 నుంచి 35 ఏళ్ల వయసు వాళ్ల లెక్క ఇది. మన దగ్గర కూడా 2025 ఫిబ్రవరిలో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ ఇదే విషయమై రాష్ట్రాలకు లేఖ రాసింది. ఇయర్‌ఫోన్లు అవసరమైతేనే వాడాలని, రోజుకి 2 గంటలకు మించొద్దని, శబ్దం 50 డెసిబెల్స్ దాటొద్దని అందులో సూచించింది. 50 డెసిబెల్స్ అంటే మామూలుగా మాట్లాడుకునే మాట కంటే కూడా తక్కువ. కదిలే బస్సులో అంత తక్కువ పెట్టుకుంటే ఏమీ వినపడదు. కాబట్టి ఆ లేఖలో గట్టిగా పట్టుకోవాల్సింది రెండు గంటల మాట.

వారం ఖాతా

ఇయర్‌ఫోన్ అనే వస్తువు వల్లే చెవి పాడవుతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఎంత గట్టిగా, ఎంతసేపు అనే రెండు అంకెలు కలిస్తేనే నష్టం. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికాం సంఘం కలిసి తయారు చేసిన ప్రమాణంలో దీన్ని ఒక ఖాతా లాగా లెక్కేశారు. పెద్దవాళ్ల చెవికి వారానికి 80 డెసిబెల్స్ దగ్గర 40 గంటలు అనుమతి. పిల్లలకైతే 75 డెసిబెల్స్ దగ్గర 40 గంటలు. వారం ఖర్చుకి చేతికిచ్చిన డబ్బు లాంటిది ఇది. ఒకే రోజు ఊడ్చేస్తే మిగతా ఆరు రోజులూ అప్పు మీదే బతకాలి.

ఇక్కడే అందరూ దెబ్బతినే చోటు ఒకటుంది. డెసిబెల్ మామూలు అంకె లాగా పెరగదు. 3 డెసిబెల్స్ పెరిగితే చెవి మీద పడే శక్తి రెట్టింపవుతుంది, అంటే వినడానికి ఉన్న టైమ్ సగమైపోతుంది. 80 దగ్గర 40 గంటలు ఉన్నది 83కి వస్తే 20 గంటలు, 86కి 10, 89కి 5. 92కి చేరితే వారం మొత్తానికి రెండున్నర గంటలే. 95కి గంటా పావు. 101కి వస్తే 20 నిమిషాలు కూడా మిగలవు. చాలా ఫోన్లు ఫుల్ వాల్యూమ్‌లో 100 దాటేస్తాయి.

ఈ లెక్కని ఒంగోలు బస్సులోకి తీసుకెళ్లి చూడాలి. పాత బస్సు, ఇంజిన్ దగ్గర సీటు, కిటికీలు తెరిచి ఉంటే లోపల హోరు సులువుగా 80 దాకా వస్తుంది. ఆ హోరు మీద పాట వినపడాలంటే పాట దానికంటే గట్టిగా ఉండాలి, అందుకే వేలు తెలియకుండానే వాల్యూమ్ బటన్ మీదికి పోతుంది. అలా 90 పైకి వెళ్లిపోయిన కుర్రాడు పొదిలి మీదుగా ఒంగోలు చేరేసరికి, ఒక్క వైపు ప్రయాణంలోనే వారం ఖాతా దాదాపు ఖాళీ. సాయంత్రం తిరుగు బస్సు ఉంది. రేపు పొద్దున మళ్లీ బస్సు ఉంది. రాత్రి పడుకునే ముందు గేమ్ సరేసరి.

ఇక్కడ ఇంట్లో వాళ్లకి అర్థం కాని సంగతి ఒకటుంది. బస్సులో పెట్టిన వాల్యూమ్ బస్సులో పెద్దగా అనిపించదు. అదే వాల్యూమ్‌తో రాత్రి నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఇయర్‌ఫోన్ తీసి పక్కన పెడితే, అది చిన్న రేడియో లాగా మోగుతుంది. నమ్మకం లేకపోతే ఒకసారి చేసి చూడొచ్చు.

లోపల ఏం జరుగుతుంది

బయటి శబ్దం కర్ణభేరిని కదిలిస్తుంది. దాని వెనక ఉన్న మూడు చిన్న ఎముకలు ఆ కదలికని లోపలి చెవికి చేరుస్తాయి. అక్కడ నత్తగుల్ల ఆకారంలో కాక్లియా అనే భాగం ఉంటుంది. అందులో ద్రవం, ఆ ద్రవంలో అలల్లాగా ఊగే సన్నటి రోమాలున్న కణాలు ఉంటాయి. ఒక్కో చెవికి ఇవి సుమారు 15 వేలు. ఊగినప్పుడల్లా ఇవి కరెంటు సంకేతం పుట్టించి నరం ద్వారా మెదడుకి పంపిస్తాయి. వినడం అంటే ఇంతే.

పెద్ద శబ్దం పడితే ఈ రోమాలు గాలివానకి వరిచేను పడిపోయినట్టు వంగిపోతాయి. కాసేపటి మోత అయితే మళ్లీ లేస్తాయి. పెళ్లి బరాత్ నుంచి ఇంటికి వచ్చాక చెవులు దిబ్బడ వేసినట్టుండి, పడుకుని లేచేసరికి తగ్గిపోయేది అందుకే. "తగ్గిపోయింది కదా" అని అందరూ వదిలేస్తారు. కానీ మాటిమాటికీ అదే జరిగితే కొన్ని కణాలు లేవవు, చనిపోతాయి. చర్మం మీద గాయం మానినట్టు, గోరు మళ్లీ పెరిగినట్టు మనిషిలో ఈ కణాలు మళ్లీ పుట్టవు. దానికి మందు లేదు, ఆపరేషన్ లేదు. వినికిడి యంత్రం మిగిలిన కణాలకి శబ్దం పెంచి ఇస్తుందే తప్ప పోయినవాటిని తీసుకురాదు.

కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగిన వాళ్లకి పళ్ల మీద మచ్చయినా కనిపించి హెచ్చరిస్తుంది. చెవి దగ్గర ఆ మాత్రం గుర్తు కూడా ఉండదు. నొప్పి రాదు, చీము రాదు, పైకి ఏమీ తెలియదు.

పైగా నష్టం అన్ని శబ్దాలకీ సమానంగా రాదు. మొదట పోయేది సన్నటి శబ్దాలు, అంటే ఎక్కువ ఫ్రీక్వెన్సీ ఉన్నవి. వినికిడి పరీక్ష చేస్తే 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల గుంట పడినట్టు గీత కిందికి దిగుతుంది. అచ్చులు, లావు గొంతు, డప్పు మోత బాగానే వినపడుతుంటాయి. జారిపోయేవి స, శ, ష, చ, త, ప, ఫ లాంటివి. అందుకే అలాంటి మనిషి "నాకు వినపడుతుంది, కానీ నువ్వు సరిగ్గా మాట్లాడట్లేదు" అంటాడు. పప్పు అన్నారో తప్పు అన్నారో తేలదు. ఫ్యాన్ తిరుగుతున్న గదిలో, నలుగురు కూర్చున్న దస్తర్‌ఖాన్ దగ్గర అసలే తేలదు.

ఖురాన్ చదువు నేర్చుకునే పిల్లల విషయంలో ఇది ఇంకా సూటిగా తగులుతుంది. సే, సీన్, సాద్ మూడింటి తేడా ఉస్తాద్ నోట వినే కదా పిల్లాడు పట్టుకోవాలి. ఆ తేడా అంతా ఈ సన్నటి శబ్దాల్లోనే ఉంటుంది. క్లాసులో ఇంగ్లిష్ మాటల చివర వచ్చే ఎస్ కూడా అంతే. పిల్లాడు శ్రద్ధ పెట్టట్లేదని తిట్టే ముందు వాడి చెవి ఒకసారి పరీక్ష చేయించడం మేలు.

ఇంకొకటి ఉద్యోగాల సంగతి. ఆర్మీ, రైల్వే సెలక్షన్ల మెడికల్‌లో వినికిడి కూడా చూస్తారు. నెలల తరబడి గ్రౌండ్‌లో పరుగులు తీసిన కుర్రాడు చెవి దగ్గర ఆగిపోతే ఆ ఇంటికి ఎంత నష్టమో చెప్పక్కర్లేదు.

పలకల షెడ్డులో రెట్టింపు ఖర్చు

మార్కాపురం అంటే పలకలు. ఇక్కడి క్వారీల రాయితో చేసిన బడి పలకలు దేశమంతా వెళ్లాయి, విదేశాలకీ వెళ్లాయి. ఆ రాయిని కోసే, అంచులు చెక్కే మిషన్ల దగ్గర మాట్లాడుకోవాలంటే అరవాల్సిందే. రాయి కోసే రంపాల దగ్గర శబ్దం సాధారణంగా 90 డెసిబెల్స్ పైనే ఉంటుంది. పలకల పని అనగానే అందరూ దుమ్ము గురించి, ఊపిరితిత్తుల గురించి మాట్లాడతారు, అది న్యాయమే. చెవుల గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు.

ఈ షెడ్డుల్లోనే ఇయర్‌ఫోన్ అసలు ప్రమాదం దాగి ఉంది. మిషన్ హోరు భరించలేక పాటలు పెట్టుకుంటే, చెవికి రక్షణ దొరికిందని మనసుకి అనిపిస్తుంది. నిజానికి మామూలు ఇయర్‌ఫోన్ మిషన్ శబ్దాన్ని దాదాపు అలాగే లోపలికి వదిలేస్తుంది, పాట దానిమీద అదనంగా చేరుతుంది. ఒకే ఖాతా నుంచి ఇద్దరు డబ్బు తీస్తున్నట్టు. అక్కడ కావాల్సింది ఫోమ్ ఇయర్‌ప్లగ్ లేదా చెవిని మొత్తం మూసే మఫ్. ఫోమ్ ప్లగ్ పెద్ద ఖరీదేమీ కాదు, పెట్టుకునే పద్ధతి తెలియకే చాలామంది పనిచేయట్లేదని పారేస్తారు. వేళ్లతో సన్నగా పుల్లలా చుట్టాలి. రెండో చేత్తో తల వెనక నుంచి చెవిని పైకి, వెనక్కి లాగి పట్టుకోవాలి. ప్లగ్ లోపలికి పెట్టి అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో నొక్కి ఉంచాలి. సగం బయటికి కనిపిస్తుంటే సరిగ్గా దిగలేదని అర్థం. మురికి చేతులతో చుట్టకూడదు.

దూది పెట్టుకుంటే చాలదా అని అడుగుతారు. చాలదు. దూది గాలిని ఆపినంతగా శబ్దాన్ని ఆపదు. జుమా రోజు చెవి మడతలో ఇత్తర్ దూది పెట్టుకునే అలవాటుతో చెడు లేదు, దానివల్ల రక్షణా లేదు.

చట్టం ప్రకారం ఇది చిన్న విషయమేమీ కాదు. శబ్దం వల్ల వచ్చే వినికిడి లోపం అధికారులకు తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలో పాత 1948 ఫ్యాక్టరీల చట్టంలోనూ ఉండేది, 2020లో చేసిన కార్మిక భద్రత కోడ్‌లోనూ ఉంది. పాత ఉద్యోగుల నష్టపరిహార చట్టంలో కూడా దీన్ని వృత్తి వల్ల వచ్చే జబ్బుగా చేర్చారు. అంటే పరిహారం అడిగే హక్కు ఉంది. కాకపోతే అడగాలంటే చేతిలో కాగితం ఉండాలి. పనిలో చేరినప్పుడు ఒకసారి, తర్వాత ఏడాదికి ఒకసారి ఆడియోమెట్రీ చేయించి రిపోర్టులు దాచుకున్న వాళ్ల మాటకే బలం. ఇన్‌స్పెక్టర్ వచ్చి శబ్దం కొలిచేదాకా ఆగేకంటే ముందు ప్లగ్ కొనుక్కోవడం తెలివైన పని.

షాదీ, డీజే

ఇయర్‌ఫోన్ జాగ్రత్తగా వాడే ఇల్లు కూడా షాదీ రోజు అంతా మర్చిపోతుంది. డీజే బాక్సు ముందు 110 డెసిబెల్స్ ఉంటే, పైన చెప్పిన లెక్క ప్రకారం వారం మొత్తానికి రెండున్నర నిమిషాలు కూడా రావు. అలాంటి చోట చంకలో ఏడాది పిల్లని ఎత్తుకుని నిలబడటం మాత్రం ఒప్పుకునే విషయం కాదు. బాక్సు నుంచి దూరం పెరిగేకొద్దీ శబ్దం తగ్గుతుంది. ఆరుబయట దూరం రెట్టింపైతే సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతాయి. పది అడుగుల దగ్గర నిలబడేది నలభై అడుగులకి జరిగితే 12 తగ్గినట్టు. ఏమీ ఖర్చు లేని జాగ్రత్త ఇది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయట లౌడ్ స్పీకర్లు వాడకూడదు, ఇళ్ల మధ్య పగలు పరిమితి 55 డెసిబెల్స్. బరాత్‌లో అయినా, జులూస్‌లో అయినా ఆ నిబంధన ఒకటే.

ఇక ఫోన్ దగ్గరికి వద్దాం

ఇంట్లో, ఫ్యాన్ ఆపిన గదిలో కూర్చుని మాట స్పష్టంగా అర్థమయ్యే అతి తక్కువ వాల్యూమ్ ఎంతో చూసుకోవాలి. చాలామందికి అది సగం గీత కంటే కిందే ఉంటుంది. బస్సు ఎక్కాక అంతకంటే రెండు మూడు మెట్లకు మించి పెంచకూడదు. వినపడకపోతే వినడం మానేయడమే. 60 శాతం వాల్యూమ్, 60 నిమిషాలు అనే సూత్రం డాక్టర్లు చెబుతుంటారు. అది గుర్తుపెట్టుకోవడానికి బాగుంటుంది, కానీ అన్ని ఫోన్లలో 60 శాతం ఒకటి కాదు. చౌక ఇయర్‌ఫోన్ ఒకటి, మంచిది ఒకటి మార్చి పెడితే ఒకే గీత దగ్గర వేరు వేరుగా మోగుతాయి. అందుకే చెవితో కొలుచుకోవడమే నయం. చెయ్యి చాచినంత దూరంలో ఉన్న మనిషి మామూలుగా పిలిస్తే వినపడకపోయినా, పక్క సీటు వాడికి మీ పాట వినపడినా వాల్యూమ్ ఎక్కువైనట్టే. ప్లే స్టోర్‌లో దొరికే సౌండ్ మీటర్ యాప్‌లు గదిలోనో షెడ్డులోనో ఉన్న శబ్దాన్ని సుమారుగా చూపిస్తాయి. ఇయర్‌ఫోన్ లోపల ఎంత ఉందో అవి చెప్పలేవు.

కొనేటప్పుడు చెవి రంధ్రానికి సరిగ్గా అతుక్కునే రబ్బరు మొన ఉన్నవి తీసుకోవాలి. బయటి హోరు తగ్గితే వాల్యూమ్ పెంచాల్సిన అవసరమే తగ్గుతుంది. డబ్బాతో పాటు వచ్చే మూడు సైజుల రబ్బరు మొనలు చాలామంది డబ్బాలోనే వదిలేస్తారు, తమ చెవికి ఏది పడుతుందో మార్చి చూడరు. నాయిస్ క్యాన్సిలేషన్ ఉన్నవి ఇంజిన్ లాంటి ఒకే రకం హోరుని బాగా తగ్గిస్తాయి, రోజూ బస్సు, రైలు ఎక్కేవాళ్లకి ఆ ఖర్చు దండగ కాదు. అయితే రోడ్డు దాటేటప్పుడు, పట్టాల పక్కన నడిచేటప్పుడు, బండి మీద అవి చెవిలో ఉండకూడదు. కరెంటు ఇంజిన్ల రైలు దగ్గరికి వచ్చేదాకా పెద్దగా చప్పుడు చేయదు.

పిల్లల ఫోన్‌కి తాళం వేయొచ్చు. శాంసంగ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లో సౌండ్స్, అందులో వాల్యూమ్, పైన మూడు చుక్కలు నొక్కితే మీడియా వాల్యూమ్ లిమిట్ వస్తుంది, దానికి పిన్ కూడా పెట్టుకోవచ్చు. ఐఫోన్‌లో సౌండ్స్ కింద హెడ్‌ఫోన్ సేఫ్టీ అని ఉంటుంది, ఎన్ని డెసిబెల్స్ దాటనివ్వాలో అక్కడే చెప్పొచ్చు. వేరే కంపెనీ ఫోన్లలో సెట్టింగ్స్‌లో వాల్యూమ్ అని వెతికితే ఏదో ఒకటి తగులుతుంది. వాల్యూమ్ పెంచుతుంటే వచ్చే హెచ్చరికకి అందరూ చదవకుండానే ఓకే కొట్టేస్తారు. అది వచ్చిన చోటే ఆగిపోతే సగం పని అయినట్టే.

బయాన్ వింటూ పడుకునే పెద్దవాళ్లకి ఇయర్‌ఫోన్ కంటే దిండు పక్కన ఫోన్ స్పీకర్ తక్కువలో పెట్టి, అరగంటకి ఆగిపోయేలా టైమర్ పెట్టడం మంచిది. గల్ఫ్‌లో ఉన్న కొడుకుతో గంటసేపు వీడియో కాల్ కూడా అలాగే స్పీకర్‌లో మాట్లాడుకోవచ్చు. ఒకరి ఇయర్‌ఫోన్ ఇంకొకరు పెట్టుకుంటే ఇన్ఫెక్షన్లు అంటుకుంటాయి. వారానికి ఒకసారైనా పొడి గుడ్డతో తుడవాలి. వేడి నూనె పోయడం, పిన్నీసు, బడ్స్ పెట్టి తిప్పడం మానేయాలి. బడ్స్ గులిమిని ఇంకా లోపలికి నెడతాయి.

బ్లూటూత్ తరంగాల వల్లే చెవుడు వస్తుందని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. వైరుదైనా, వైరు లేనిదైనా చెవిని పాడుచేసేది శబ్దమే.

ఎప్పుడు, ఎక్కడ చూపించుకోవాలి

నిశ్శబ్దంగా ఉన్నప్పుడు చెవిలో గుయ్యిమని మోత, టీవీ సౌండ్ విషయంలో ఇంట్లో రోజూ గొడవ, ఫోన్‌లో "ఆఁ? ఏంటి?" అని మళ్లీ మళ్లీ అడగడం, ఆడవాళ్ల, పిల్లల మాటలు సరిగ్గా తెలియకపోవడం లాంటివి ఉంటే పరీక్ష చేయించుకోవాలి. ఇంట్లోనే మొదటి అంచనాకి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో విడుదల చేసిన హియర్‌డబ్ల్యూహెచ్‌ఓ యాప్ ఉచితంగా దొరుకుతుంది. హోరు మధ్యలో వినిపించే అంకెలు విని నొక్కాలి. అసలు పరీక్ష మాత్రం ఆడియోమెట్రీ. సూది, నొప్పి ఏమీ ఉండవు. మార్కాపురం ప్రభుత్వ ఆసుపత్రిలో ముందు చూపించుకోవచ్చు, అక్కడి నుంచి రాయిస్తే ఒంగోలు రిమ్స్‌లో చెవి, ముక్కు, గొంతు విభాగం ఉంది. గిద్దలూరు వైపు వాళ్లకి నంద్యాల, కర్నూలు దగ్గర. లోపం బాగా ఎక్కువగా ఉంటే సదరం సర్టిఫికెట్ కోసం, కేంద్రం ఇచ్చే వినికిడి యంత్రాల కోసం కూడా ఈ రిపోర్టే కావాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్ నష్టం దగ్గర నుంచి లెక్కలోకి వస్తారు. అంతకు తక్కువ నష్టం ఉన్నవాళ్లకి సర్టిఫికెట్ రాదు కానీ ఇబ్బంది తప్పదు.

వీటన్నిటికీ వేరుగా, ఆగకుండా పరుగెత్తాల్సిన పరిస్థితి ఒకటుంది. గాయని అల్కా యాగ్నిక్ 2024 జూన్‌లో తన సంగతి బయటపెట్టారు. విమానం దిగి నడుస్తుండగా ఒక్కసారిగా ఏమీ వినపడలేదని, వైరస్ వల్ల లోపలి చెవి నరం దెబ్బతిన్నదని డాక్టర్లు తేల్చారని చెప్పారు. హెడ్‌ఫోన్లు, పెద్ద శబ్దంతో జాగ్రత్తగా ఉండమని అభిమానులకీ, తోటి కళాకారులకీ ఆ సందర్భంలోనే సూచించారు. ఆమె జబ్బుకి కారణం హెడ్‌ఫోన్ కాదు, వైరస్. కానీ ఆ లక్షణం ఎవరికైనా రావొచ్చు. ఉన్నట్టుండి ఒక చెవి మూసుకుపోయినట్టు అయితే గులిమి అనుకుని నూనె పోసి వారం రోజులు ఎదురు చూస్తారు. ఇలాంటి కేసుల్లో స్టెరాయిడ్ మందు మొదటి రెండు మూడు రోజుల్లో మొదలుపెడితే వినికిడి తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ, వారాలు గడిచేకొద్దీ ఆ అవకాశం తగ్గిపోతుంది. రాత్రి పడుకునేటప్పుడు బాగున్న చెవి పొద్దున ఫోన్ పెట్టుకుంటే పలకకపోతే, ఆ రోజే బస్సెక్కి ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.